తిరుపతి గాలికి స్ప్రే ప్రైమర్ గరుకు తేలుతోంది, చేతులు ఊడుతున్నాయి: ఈ పది బొమ్మల్ని ఎట్ల సరిచేయాలి?

అలిపిరి_నీడ
అన్నలకు, అక్కలకు నమస్కారం. వార్‌హామర్ 40,000 అని బల్ల మీద చిన్న బొమ్మలతో ఆడే యుద్ధపు ఆట ఉంది కదా, దాంట్లో కవచం వేసుకున్న స్పేస్ మెరైన్లు, పది బొమ్మలు, అన్నీ ప్లాస్టిక్, 32 మి.మీ. బేస్‌లు. అక్టోబరు మధ్యాహ్నం మిద్దె మీద గ్రే స్ప్రే ప్రైమర్ (రంగు పట్టడానికి ముందుగా వేసే అడుగు పూత) కొడితే ఎదురు రొమ్ములు నున్నగా ఉన్నాయి, చంకల్లోనూ కాళ్ల సందుల్లోనూ మాత్రం సన్న ఇసుక చల్లినట్టు గరుకు. వాన వెలిశాక కొట్టిన రెండింటికి తెల్లటి మసక. చేతులు ఫెవిక్విక్‌తో అంటించినవి, బొమ్మ పక్కకు పడితే చాలు భుజం దగ్గర పుటుక్కున ఊడుతున్నాయి. రంగు వేయబోతే ఒక భుజం పూర్తయ్యేలోపు కుంచె మీదే ఆరిపోతోంది.
వీటి మీదే రంగు వేసేయొచ్చా, ప్రైమర్ తీసెయ్యాలా? స్ప్రేకి ఏ నెల మంచిది?

మిద్దె_మీద_గ్రే
తమ్ముడూ, గరుకుకూ మసకకూ కారణాలు వేరు. వేడిగాలిలో ప్రైమర్ తుంపర బొమ్మను చేరేలోపే ద్రావకం ఆవిరైపోయి, పొడిగా దిగుతుంది. రొమ్ముకు నేరుగా తడి తగిలింది కాబట్టి నున్నగా వచ్చింది. చంకలోకి పోయింది గాలిలో తేలిన పొడే. డబ్బాను ఒకటిన్నర జానెడు దూరంలో పట్టుకుంటే ఇది ఇంకా ఎక్కువ. 20 నుంచి 25 సెం.మీ. దాటొద్దు, ఒక్కో విసురు అర సెకనే ఉండాలి, బొమ్మకు ఇవతల మొదలై అవతల ఆగాలి. దానికి ముందు డబ్బాను రెండు నిమిషాలు బాగా ఊపాలి.

మసక తేమ వల్ల. ద్రావకం ఆవిరయ్యేటప్పుడు ఆ పొర చల్లబడుతుంది, గాలిలోని తేమ దాని మీద పడుతుంది.

మన ఊర్లో స్ప్రేకి మంచి కాలం జనవరి, ఫిబ్రవరి. పొద్దున మంచు విడిచాక, ఎండ ముదరకముందు. ఏప్రిల్, మే నెలల్లో నలభై దాటే ఎండ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం, రెండూ వద్దు. డబ్బాను మిద్దె మీద ఎండలో వదిలేయొద్దు, పేలుతుంది. ఇంకో ఇబ్బంది, స్ప్రే డబ్బాలు విమానంలో పంపరు, రోడ్డు మీదే రావాలి, అందుకే ఆన్‌లైన్‌లో ఆలస్యం.

అందుకని ఏడాది పొడుగునా పనికొచ్చేది కుంచెతో వేసే ప్రైమర్. వల్లేహో సర్ఫేస్ ప్రైమర్ గ్రే సీసా తీసుకో. నీళ్లు కలపొద్దు. వెడల్పాటి పాత సింథటిక్ కుంచెతో పలచగా ఒక పొర, అది బాగా ఆరాక ఇంకో పొర. వేసేటప్పుడు కొంచెం ముద్దగా, వంకరగా కనిపిస్తుంది, కంగారుపడి మళ్లీ మళ్లీ రుద్దకు. ఆరేకొద్దీ అదే సర్దుకుని బిగుస్తుంది. సగం ఆరినదాన్ని కదిలిస్తే చర్మంలా లేచొస్తుంది. సందుల్లో గుంటకట్టినదాన్ని మాత్రం తడి కుంచె కొసతో వెంటనే పీల్చెయ్. ఒక రోజు పూర్తిగా ఆరకుండా గోరు తగలనివ్వొద్దు. కుంచెను అప్పటికప్పుడు కడుగు, ఆరితే ఇక అది పోయినట్టే.

ఇప్పుడున్న పది సంగతి. తేలిక గరుకైతే పాత టూత్‌బ్రష్‌తో పొడిగా గట్టిగా తోము, చాలావరకు రాలుతుంది. వేలికి ఇంకా తగులుతుంటే తీసెయ్యడమే మేలు, ఎందుకంటే ఆ తర్వాత నీడల కోసం వేసే వాష్ (సందుల్లోకి దిగే పలచటి ముదురు రంగు) ఆ గరుకులోనే ఇరుక్కుని మచ్చలు తేలుతుంది. మసకబారిన రెండింటికి గరుకు లేకపోతే పైన ఒక పొర కుంచె ప్రైమర్ వేస్తే చాలు.

తీయడానికి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మూత ఉన్న గాజు సీసాలో. అరగంట నానబెట్టి టూత్‌బ్రష్‌తో తోము, మిగిలితే మళ్లీ నానబెట్టు. ఎలక్ట్రానిక్స్ రిపేరు సామాన్లు అమ్మేచోట దొరుకుతుంది. చేతికి గ్లవ్స్, కిటికీలు బార్లా తెరిచి. దీపమో అగరొత్తో వెలుగుతున్న గదిలో వద్దు. పెయింట్ షాపు థిన్నర్, నెయిల్ పాలిష్ రిమూవర్ ఇంట్లో ఉన్నాయి కదా అని వాడితే బొమ్మ మొహమే కరిగిపోతుంది.

చిత్తూరు_కటింగ్‌ప్లేయర్
ప్రైమర్ గురించి అన్న చెప్పింది సరే. చేతుల మాట చెబుతా. ఈ బొమ్మలు పాలిస్టైరిన్. వాటికి ప్లాస్టిక్ సిమెంట్ వాడాలి, తమియా ఎక్స్‌ట్రా థిన్ లాంటిది. అది రెండు వైపులా ప్లాస్టిక్‌ను కరిగించి ఒకటిగా చేస్తుంది, ఆరాక అతుకు అంటూ ఉండదు. ఫెవిక్విక్ మధ్యలో ఒక గట్టి పొరగా నిలుస్తుందంతే. లాగితే ఆపుతుంది, పక్కనుంచి దెబ్బ తగిలితే గాజులా విరుగుతుంది. తేమలో అతుకు చుట్టూ తెల్లటి బూడిద కూడా పూస్తుంది. రెసిన్‌కు, లోహపు బొమ్మలకు మాత్రం సూపర్ గ్లూనే, సిమెంట్ వాటిని కరిగించలేదు.

పాత జిగురు మీద సిమెంట్ పట్టదు. రంగు మీదా పట్టదు. ఐసోప్రొపైల్‌లో నానినప్పుడు ఎట్లాగూ కొన్ని చేతులు వాటంతట అవే వదులుతాయి. అతుకు రెండు ముఖాలనూ కత్తి అంచుతో ఒట్టి ప్లాస్టిక్ కనబడేదాకా గీకు. చేతిని భుజానికి ఆనించి పట్టుకుని, కుంచె కొసతో సందు దగ్గర ఒక్క చుక్క తాకించు, దానంతట అదే లోపలికి పాకుతుంది. పది సెకన్లు కదలకుండా పట్టు, తర్వాత కొన్ని గంటలు దాని జోలికి పోకు. వేళ్ల కిందికి సిమెంట్ పాకితే కవచం మీద వేలిముద్ర శాశ్వతంగా పడుతుంది, కాబట్టి సందుకు దూరంగా పట్టుకో.

బొమ్మ ముక్కలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ ఫ్రేమ్ నుంచి వాటిని కోసేటప్పుడు మొదట కొంచెం దూరంలో కత్తిరించి, మిగిలిన మొలకను రెండోసారి కోయాలి. ఒకేసారి అంటి కోస్తే ప్లాస్టిక్ లోపలికి చిరిగి గుంట పడుతుంది. అచ్చు గీతలను (అచ్చు సగాలు కలిసినచోట మిగిలే సన్న గీతలు) కత్తి వీపుతో గీకు, పదునుతో కాదు. ప్రైమర్ తీసేశావు కాబట్టి ఇదే అదను, ఇప్పుడు వదిలేస్తే అంచులకు లేత రంగుతో హైలైట్ వేసినప్పుడు ఆ గీతలే ముందు కనిపిస్తాయి.

భుజం దగ్గర సందు మిగిలితే ఫ్రేమ్ ముక్కలను సన్నగా తరిగి, పాత సీసాలో కొంచెం సిమెంట్‌లో ఒక రాత్రి కరగనివ్వు. ఆ పేస్ట్ పూసి, పూర్తిగా గట్టిపడ్డాక గీకు. ఆరేకొద్దీ కుంచించుకుంటుంది, అందుకే కొంచెం ఎత్తుగా పూయాలి. ఎం-సీల్ ఈ సందులకు మొద్దు, పెద్ద బేస్ మీద రాళ్లకైతే బాగుంటుంది.

తుపాకీ రొమ్మును కప్పే బొమ్మలైతే ఆ చెయ్యిని ఇప్పుడు అంటించకు. విడిగా రంగు వేసి, తర్వాత పెట్టు.

బ్రష్_అక్క
కుంచె మీద ఆరడానికి మొదటి కారణం సీలింగ్ ఫ్యాను. కష్టమే, కానీ రంగు వేసేటప్పుడు ఆపు, లేదా గాలి బల్ల మీద పడని మూలకు జరుగు. రెండోది తడి పాలెట్, అంటే రంగు ఆరకుండా తడి కాగితం మీద పెట్టుకునే డబ్బా. మూత బిగుసుకునే పలచటి ప్లాస్టిక్ డబ్బా, అందులో వంటింటి స్పాంజ్ గుడ్డ, పైన బేకింగ్ పేపర్. మామూలు బటర్ పేపర్‌లో కొన్నిటికి మైనం పూత ఉంటుంది, నీళ్లు పైకి రానివ్వదు, కొన్ని ఉబ్బి పీచులు వదులుతాయి. స్పాంజ్ తడిగా ఉండాలి గానీ కాగితం మీద నీళ్లు నిలవకూడదు. మన వేడికి నాలుగైదు రోజుల్లో బూజు వాసన వస్తుంది, స్పాంజ్ మార్చెయ్.

బోరు నీళ్లలో సున్నం ఎక్కువుంటే వాష్ ఆరాక తెల్ల మరకలు వస్తాయి. పెట్రోల్ బంకుల్లో, బ్యాటరీ షాపుల్లో దొరికే డిస్టిల్డ్ వాటర్ లీటరు కొను, ఏళ్లు వస్తుంది. కుంచెలు మాత్రం ట్యాప్ నీళ్లలోనే కడుక్కో.

రంగును పలచని మజ్జిగలా చేసి రెండు పొరలు వేయి, ఒక మందపాటి పొర వద్దు. ఎండాకాలంలో అయిదు చుక్కల రంగుకు ఒక చుక్క గ్లేజ్ మీడియం కలిపితే ఆరడం నెమ్మదిస్తుంది. కుంచె 1 నంబరు చాలు. కళ్లకు కూడా అదే, కొస సన్నగా నిలవాలంతే. 000 నంబరులో రంగు నిలవదు, బొమ్మను చేరేలోపే ఎండిపోతుంది, నీ సమస్యను అదింకా పెంచుతుంది.

పది బొమ్మలకు పెద్ద సెట్ అక్కర్లేదు. కవచానికి ఒక రంగు, దాని లేత ఛాయ ఒకటి, నలుపు, వెండి, తోలు గోధుమ, ఎముక తెలుపు, ఒక గోధుమ వాష్. వాష్‌ను బొమ్మంతా ముంచెత్తకు, సందుల్లోనే పెట్టు.

బేస్‌లను వదలొద్దు. ఈ ఆటలో ప్రధాన రంగులు వేసి బేస్ కూడా పూర్తిచేసిన సైన్యానికి పదో ఎడిషన్ (2023) టోర్నమెంట్ నియమాల్లో 10 పాయింట్లు ఉండేవి. ఎర్రటి గ్రహం కావాలంటే మన శేషాచలం కొండ చూడు, ఘాట్ రోడ్డు పక్కన క్వార్ట్‌జైట్ గోడల్లో గులాబీ, ఇటుక, తుప్పు రంగులన్నీ పక్కపక్కనే ఉంటాయి. రంగును చూసి వేయి, రాయిని తేకు, అది రిజర్వ్ ఫారెస్ట్. ఇల్లు కట్టేచోట ఇసుక గుప్పెడు అడిగి తెచ్చి, కడిగి, ఎండబెట్టి, టీ వడకట్టుతో జల్లించు. ఫెవికాల్ రెండు పాళ్లు, నీళ్లు ఒక పాలు, ముందు గులకలు, తర్వాత సన్న ఇసుక. ఆరాక ఇంకా పలచటి ఫెవికాల్ నీళ్లు పైన చుక్కలుగా వదలకపోతే డ్రై బ్రష్‌కు (దాదాపు పొడి కుంచెతో పైపైన రుద్దడం) ఇసుక రాలుతుంది. ముదురు ఎరుపు గోధుమ మీద ఇటుక రంగు, అంచులకు లేత గులాబీ.

అలిపిరి_నీడ
చాలా థ్యాంక్స్ అన్నా, అక్కా. రంగు అయ్యాక పైన వేసే మెరుపు లేని రక్షణ పూత, మ్యాట్ వార్నిష్, అది కూడా స్ప్రే డబ్బానే ఉంది. దానికీ జనవరి దాకా ఆగాలా?

మిద్దె_మీద_గ్రే
తప్పకుండా ఆగు. ప్రైమర్ మసకబారితే పైన రంగు కప్పుతుంది, వార్నిష్ మసకబారితే నువ్వు వేసిన రంగే మసకబారుతుంది. ఈలోపు ఆడాలనుంటే కుంచెతో వేసే మ్యాట్ వార్నిష్ ఉంది. సీసాను ఒక నిమిషం ఊపు, మెరుపు తగ్గించే పొడి అడుగున పేరుకుంటుంది. ఊపకపోతే మొదటి బొమ్మలు మెరుస్తాయి, చివరివి తెల్లబడతాయి. పలచగా ఒక పొర వేసి, సందుల్లో నిలిచిన చుక్కను వెంటనే కుంచెతో లాగెయ్, అక్కడ ఆరితే పాలలా కనిపిస్తుంది. ముందు ఒక బేస్ అడుగున వేసి, ఆరాక చూసుకుని, తర్వాత మిగతావాటికి వెయ్యి.