ఇద్దరు కూర్చునే కయాక్‌లో చేపల వేట: చిక్కులు తప్పించుకునేదెలా?

ప్రశ్న (డెంటన్, టెక్సస్ నుంచి)

సభ్యులందరికీ నమస్కారం. నేనూ నా భార్యా ఇద్దరు కూర్చునే 12 అడుగుల పాత కయాక్ (తెడ్లతో నడిపే సన్నటి పొడవాటి పడవ) ఒకటి కొని, రే రాబర్ట్స్ జలాశయంలో ఇప్పటికి మూడు వారాంతాలు చేపలకు వెళ్లాము. పడిన చేపల కంటే పడిన చిక్కుముళ్లే ఎక్కువ. ముందు కూర్చున్న ఆమె గాలం వెనక్కి ఎత్తినప్పుడల్లా నేను తల వంచుకోవలసి వస్తోంది. పోయిన ఆదివారం ఆమె విసిరిన కొక్కెం నా టోపీని తగులుకుని నీళ్లలోకి తీసుకుపోయింది. ఇద్దరమూ తెడ్లు వదిలి గాలాలు పట్టుకున్నామంటే చాలు, గాలి మమ్మల్ని నీటమునిగిన మోడుల మధ్యకు నెట్టేస్తోంది. దీనిని అమ్మేసి విడివిడిగా రెండు చిన్నవి కొనుక్కోమని మిత్రులు అంటున్నారు. మా ఎనిమిదేళ్ల అమ్మాయేమో తానూ వస్తానని పట్టుబడుతోంది. అనుభవమున్నవారు సలహా ఇవ్వగలరు.

మొదటి సమాధానం

అమ్మకండి. మీ ఇబ్బంది పడవది కాదు, ఇద్దరూ ఒకేసారి వేటాడాలనుకోవడంలో ఉంది. మా ఇంట్లో ఒకరు గాలం పడితే మరొకరు తెడ్డు పడతారు, చేప పడగానే గానీ అరగంట గడవగానే గానీ మార్చుకుంటాము. ఇద్దరూ వేయవలసి వస్తే ముందువారు గడియారంలో పదికీ రెండుకూ మధ్య ఉన్న దిక్కులోనే, వెనుకవారు తమ పక్కలకే విసరాలి, అదీ "వేస్తున్నాను" అని పైకి చెప్పిన తరువాతే. బరువైనవారు వెనుక కూర్చుంటే పడవ ముక్కు కాస్త లేచి నడక తేలికవుతుంది; ముందువారి తెడ్డు వెనుకవారికి కనబడుతుంది కాబట్టి లయ ముందువారిది, దారి మళ్లించే పని వెనుకవారిది. గాలికి కొట్టుకుపోకుండా లంగరు వేయండి, అయితే దాని తాడును ముక్కుకో తోకకో తప్ప ఎన్నడూ పక్కన కట్టకండి, ఎందుకంటే అలలు అడ్డంగా తగిలినప్పుడు ఆ తాడే పడవను ఒరగదీస్తుంది.

రెండవ సమాధానం

మాది నాగార్జునసాగర్ దగ్గరి ఊరు. పుట్టిలో అమ్మ తెడ్డు వేసేది, నాన్న వల వదిలేవారు. గుండ్రటి పుట్టికి ముందూ వెనుకా ఉండవు, ఒక పక్కనే తెడ్డు వేస్తే ఉన్నచోటనే తిరుగుతుంది. అందుకని అమ్మ ముందుకు వంగి నీటిని తనవైపు లాక్కుంటున్నట్టుగా అటొకసారి ఇటొకసారి వేసేది. వల తీయడానికి నాన్న అంచు మీదికి వంగిన మరుక్షణమే, ఆయన ఏమీ అనకముందే, ఆమె ఎదుటి అంచుకు జరిగేది. ఇద్దరూ ఒకే వైపు వంగడం నేను ఒక్కసారి కూడా చూడలేదు. మీ కయాక్‌లోనూ చేపను పైకి తీసే వేళ జరగవలసింది అదే. తెడ్డు పట్టడాన్ని ఖాళీగా కూర్చోవడమనుకునేవారితో మాత్రం ఏ పడవలోనూ వేట సాగదు.

మూడవ సమాధానం

అమ్మాయి సంగతి చెబుతాను. టెక్సస్‌లో 26 అడుగుల లోపు పడవలో 13 ఏళ్ల లోపు పిల్లలు లైఫ్ జాకెట్ తొడుక్కునే ఉండాలని చట్టం; తెడ్డు వేయకుండా ఊరికే తేలుతున్నా అది వర్తిస్తుంది. పెద్దవారికి దగ్గర ఉంటే చాలునంటారు గానీ, పడిన తరువాత దానిని తొడుక్కోవడం ఎంత కష్టమో నడుము లోతు నీళ్లలో ఒకసారి పరీక్షించి చూడండి. ఆ రోజే పడవను కావాలని తిరగేసి, మళ్లీ ఎక్కడం ముగ్గురూ సాధన చేయండి. ఇద్దరు పెద్దలు, పాప, ఐసు పెట్టె కలిస్తే పడవ మోసే బరువుకు దగ్గరపడతారు. నేనైతే పాపతో పాటు ఒక్కరే వెళ్లమంటాను. ఒడ్డున మిగిలినవారు స్టేట్ పార్కు (రాష్ట్ర ప్రభుత్వ పార్కు) హద్దుల్లోనే ఉంటే, గట్టు మీది నుంచి లైసెన్సు లేకుండానే గాలం వేసుకోవచ్చు. పడవలోంచి గాలం వేసే, 17 ఏళ్లు నిండినవారికి లైసెన్సు కావాలి. వెళ్లేటప్పుడు గాలికి ఎదురుగా వెళ్లండి, అలసిపోయి తిరిగివచ్చేటప్పుడు అదే మిమ్మల్ని ఒడ్డుకు తోస్తుంది.

ప్రశ్న అడిగినవారి జవాబు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న నేను తెడ్డుకే పరిమితమయ్యాను, నా భార్యకు రెండు క్యాట్‌ఫిష్‌లు పడ్డాయి, మోడులకు ఒక్కసారి కూడా తగలలేదు. పడవను తిరగేసి ఎక్కడంలో మా ఇద్దరి కంటే అమ్మాయే ముందు నేర్చుకుంది. కొత్త టోపీకి మాత్రం గడ్డం కింద తాడు కట్టుకున్నాను.