కాసినో సొమ్ము రాబట్టే హీరోయిన్‌కి ఫైట్లు అవసరమా?

వేకువజాము:
ఒక క్రైమ్ థ్రిల్లర్ రాస్తున్నాను. కథంతా లాస్ వేగస్‌లోనే. తెల్లవారుజామున ఒకడు కాసినోలోకి దూరి, బల్ల మీది చిప్స్ (జూదంలో డబ్బుకి బదులు వాడే బిళ్ళలు) సంచిలోకి ఊడ్చుకుని పోతాడు. వాటిని రాబట్టే పని ఒకామెకి అప్పగిస్తారు. నలభై దాటిన మనిషి. ఒకప్పుడు అదే కాసినోలో, చిప్స్ ఇచ్చి డబ్బు తీసుకునే కౌంటర్‌లో పనిచేసింది (దాన్ని అక్కడ ‘కేజ్’ అంటారు). మహా మొండిది. ఏడో అధ్యాయంలో పార్కింగ్ గ్యారేజీలో ముగ్గురిని చితక్కొడుతుంది. చదివిన ఇద్దరిలో ఒకరు "నవలకి అదే ప్రాణం" అన్నారు, ఇంకొకరు "అక్కడే మూసేశాను" అన్నారు. ఆ ఫైట్ ఉంచాలా, తీసెయ్యాలా?

బుల్లెట్‌బాబు:
ఉంచండి. హీరో పదిమందిని గాల్లోకి లేపితే ఈలలు వేస్తాం, ఆడమనిషి ముగ్గురిని కొట్టగానే లాజిక్ అడుగుతాం. అద్దె లైబ్రరీల కాలంలో నేను చదివిన పాకెట్ డిటెక్టివ్ నవలల్లో ఆడవాళ్ళు ఎక్కువగా చేసిన పని కిడ్నాప్ అవ్వడమే. ఇన్నాళ్ళకి ఒకామె చెయ్యి ఎత్తింది, ఎత్తనివ్వండి.

చిల్లరకొట్టు:
బుల్లెట్‌బాబు గారి బాధ న్యాయమైనదే. కానీ నా పేచీ ఆడా మగా గురించి కాదు, ఆ గ్యారేజీలో ఎవరు కొట్టినా దండగే. కాసినోలో దొంగతనం చెయ్యడం కన్నా, చేశాక దాన్ని డబ్బుగా మార్చుకోవడం కష్టం. కథ ఉండేది అక్కడ.

2010 డిసెంబర్ 14న లాస్ వేగస్‌లోని బెల్లాజియోలో జరిగింది చూడండి. తెల్లవారుజామున ఇంకా నాలుగు కాకముందే, మోటార్‌సైకిల్ హెల్మెట్ పెట్టుకున్న ఒకడు తుపాకీ చూపించి క్రాప్స్ (పాచికల జూదం) బల్ల మీది చిప్స్ ఎత్తుకుని బండెక్కి పోయాడు. వాటి మీద రాసున్న విలువ 15 లక్షల డాలర్లు. సరే, ఆ తర్వాత? చిప్ నోటు కాదు కదా, ఫలానా కాసినో ఇచ్చిన హామీ బిళ్ళ. మళ్ళీ అక్కడికే తెచ్చి మార్చుకోవాలి. వంద డాలర్ల చిప్ అయితే ఎవరూ పట్టించుకోరు. 25,000 డాలర్ల చిప్ తెచ్చేవాళ్ళు ఎంతమంది ఉంటారు? పైగా కాసినో ఇంకో దెబ్బ కొట్టింది. ఆ 25,000 చిప్స్ రద్దు చేస్తున్నాం, 2011 ఏప్రిల్ 22లోగా తెచ్చి మార్చుకోండి అని ప్రకటించింది. 2016 నవంబర్ 8 రాత్రి బీరువా నిండా పెద్దనోట్ల కట్టలున్న మనవాళ్ళ పరిస్థితే వాడిదీ.

వాడు ఊరు దాటాడా అంటే అదీ లేదు. అదే బెల్లాజియోకి వెళ్ళి జూదమాడి పోగొట్టుకున్నాడు. పెద్ద చిప్స్ కొనేవాళ్ళ కోసం ఆన్‌లైన్ పేకాట ఫోరమ్‌లో పరిచయాలు వెతికాడు. చివరికి బేరానికొచ్చిన మనిషి మారువేషంలో ఉన్న పోలీసు. ఫిబ్రవరిలో పట్టుకున్నది కూడా ఆ కాసినోలోనే. అన్నట్టు, ఆ దొంగ అక్కడి జడ్జి ఒకరి కొడుకు! 3 నుంచి 11 ఏళ్ళ శిక్ష పడింది. అమ్ముడుపోని చిప్సే పట్టించాయి.

మీ నాయిక కేజ్‌లో కూర్చున్న మనిషి. ఏ చిప్ ఎవరి చేతిలో ఉంటే సహజమో, ఎవరి చేతిలో ఉంటే కాదో ఆమెకి తెలిసినట్టు పోలీసులకి తెలియదు. ఆ విద్య చేతిలో పెట్టుకుని పిడికిళ్ళెందుకు?

పునాస:
చిల్లరకొట్టు గారూ, ఎత్తుకెళ్ళింది చిప్స్ అయితే మీ మాట సరే. నోట్లయితే? 1993 అక్టోబర్ 1న, అదే ఊళ్ళో సర్కస్ సర్కస్ కాసినో దగ్గర నగదు బండి నడిపే హెదర్ టాల్‌చీఫ్, తోటివాళ్ళు డబ్బు తీసుకుని లోపలికి వెళ్ళగానే బండితో సహా మాయమైంది. అప్పటికి ఆమెకి 21 ఏళ్ళు. బండిలో సుమారు 30 లక్షల డాలర్లు. 2005లో తనంతట తనే వచ్చి లొంగిపోయేదాకా ఎవరికీ దొరకలేదు. 63 నెలల జైలు వేశారు. డబ్బు తన దగ్గర లేదంది. అది తిరిగి రాలేదు కూడా.

నోటుకి ఇల్లు లేదు, ఎక్కడైనా చెల్లుతుంది. అప్పుడు వెతకాల్సింది మనిషిని. ఆమె ఎవరిని నమ్మింది, పారిపోయాక ఎలా బతికింది, పన్నెండేళ్ళ తర్వాత ఎందుకు వచ్చింది అన్నవి తెలియాలి. అలాంటి మనిషి ఎదురుగా కూర్చుని నిజం చెప్పించగలిగితే అది మొండితనం. గ్యారేజీ సీన్‌లో నాకు అది కనపడలేదు.

కోఠీసెంటర్:
నాకు అసలు ప్రశ్నే వేరే. ఆ సొమ్ము ఎవరిది? శుక్రవారం హైదరాబాద్‌లో విమానం ఎక్కి, గోవాలో మాండవి నది మీది కాసినో పడవల్లో రెండు రాత్రులు ఆడి, సోమవారం అప్పుతో దిగేవాళ్ళని చూస్తూనే ఉన్నాం. మన దగ్గర తెలంగాణ 2017లో, ఆంధ్ర 2020లో ఆన్‌లైన్ రమ్మీ మీదే వేటు వేశాయి. అలాంటిది కాసినో సొమ్ము పోతే దాని కోసం ఒకామె ప్రాణం మీదికి తెచ్చుకోవడం, మనం చప్పట్లు కొట్టడం! ఇలాంటి పనికి మనూళ్ళో వడ్డీ వ్యాపారి మనుషుల్ని పెట్టుకుంటాడు, వాళ్ళని హీరోలనం.

చిల్లరకొట్టు:
పోయింది కాసినో సొమ్మే కానక్కర్లేదు, కాసినోలో కలిసిపోయిన సొమ్మైనా కావచ్చు. 2016 ఫిబ్రవరిలో హ్యాకర్లు న్యూయార్క్ ఫెడ్‌లో (అమెరికా కేంద్ర బ్యాంకుకి అక్కడున్న శాఖ) బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకుకి ఉన్న ఖాతా నుంచి 8.1 కోట్ల డాలర్లు మనీలాలో ఒక బ్యాంకు బ్రాంచికి లాగేశారు. గురువారం రాత్రి మొదలెట్టారు. ఢాకాలో శుక్ర, శనివారాలు సెలవు, న్యూయార్క్‌లో శని, ఆదివారాలు, సోమవారం మనీలాలో చైనా కొత్త సంవత్సరం సెలవు. ఆపుదామన్నా ఎవరో ఒకరు సెలవులోనే. ఇంతకన్నా టెన్షన్ ఏ ఫైట్‌లో ఉంటుంది? అక్కణ్ణుంచి చాలా సొమ్ము కాసినోల్లోకి పోయింది. అప్పటికి ఫిలిప్పీన్స్ మనీ లాండరింగ్ (దొంగసొమ్మును సక్రమమైనదిగా చూపించడం) నిరోధక చట్టం కాసినోలకి వర్తించదు. 2017లో గానీ వాటిని చేర్చలేదు. ఆ సొమ్ము జాడ తీసిన అక్కడి మనీ లాండరింగ్ నిరోధక కౌన్సిల్‌ని అప్పుడు నడిపింది జూలియా బకాయ్-అబాద్ అనే ఆవిడ. కాసినో గుమ్మం దగ్గరికొచ్చేసరికి జాడ ఆగిపోతోందని సెనేట్ విచారణలో చెప్పాల్సి వచ్చింది. జంకెట్ (పెద్ద జూదగాళ్ళని కాసినోలకి తీసుకొచ్చే వ్యాపారం) నడిపే ఒకాయన దగ్గర్నుంచి సుమారు కోటిన్నర డాలర్లు వెనక్కి వచ్చాయి. కోఠీసెంటర్ గారూ, అది ఒక పేద దేశం సొమ్ము. ఈ కథలో కూడా వడ్డీ వ్యాపారే కనపడుతున్నాడా?

కోఠీసెంటర్:
లేదు. కానీ వేకువజాము గారు రాస్తున్నది ఆ కథ కాదుగా.

బుల్లెట్‌బాబు:
చిల్లరకొట్టు గారూ, మీరు చెప్పింది ఆసక్తిగానే ఉంది. కానీ సెనేట్ విచారణ పెట్టి నవల రాస్తే రాత్రి రెండింటిదాకా ఎవడు మేలుకుంటాడు? బెల్లాజియో దొంగ చేతిలో తుపాకీ ఉంది. అలాంటివాడి వెనక పడ్డ మనిషికి ఒంటి మీద గీత కూడా పడకపోతే అది ఆడిట్ రిపోర్ట్. కొట్టడం వద్దంటే పోనీ, దెబ్బలైనా తిననివ్వండి. తిన్నాక మర్నాడు మళ్ళీ డ్యూటీకి వచ్చిందంటే నేను నమ్ముతాను.

వేకువజాము:
గ్యారేజీ సీన్ తియ్యను. ముగ్గురికి బదులు ఒక్కడే ఉంటాడు, గెలిచేది వాడే. చిప్స్ రద్దు గడువు మాత్రం మొదటి పేజీ నుంచే నడిపిస్తాను. అది నాకు బాగా పనికొస్తుంది. కోఠీసెంటర్ గారికి: ఆమె కాసినో మీద ప్రేమతో ఈ పని ఒప్పుకోలేదు. ఎప్పుడో లెక్క తేడా వచ్చిందని ఆమెని ఉద్యోగంలోంచి తీసేసింది వాళ్ళే. దొరికినదాంట్లో పది శాతం ఇస్తామన్నారు కాబట్టి వెళ్ళింది.

కోఠీసెంటర్:
ఈ ముక్క ముందే చెప్పాల్సింది. ఇప్పుడు చదవాలనిపిస్తోంది.

పునాస:
ఆ పది శాతం ఇచ్చేది నోట్లలోనా, చిప్స్‌లోనా? పనికి ఒప్పుకునే ముందే కాగితం మీద రాయించుకోమనండి.