ఎడారి గులాబిని నేలలో పెట్టొచ్చా, కుండీలోనే ఉంచాలా? నెల్లూరు వానలు తెలిసినవాళ్లు చెప్పండి

వేదాయపాళెం మేడతోట:
నా దగ్గర రెండు ఎడారి గులాబీలున్నాయి. అదే, నర్సరీల్లో అడీనియం అంటారే, అవి. ఆరేళ్ల నాటివి. ఒకటి గింజ మొక్క, ఎర్రపూలు, మొదలు కొబ్బరికాయంత లావైంది. రెండోది అంటు మొక్క, ముద్దపూలు పూస్తుంది. రెండూ మేడమీద సిమెంటు కుండీల్లో ఉన్నాయి. వాన వచ్చినప్పుడల్లా వాటిని షేడ్ కిందికి జరపడం నా నడుము వల్ల కావడం లేదు. గేటు పక్కన నాలుగడుగుల జాగా ఖాళీగా ఉంది. మా ఆయన నేలలో దించేయమంటారు. మా చెల్లెలేమో నేలలో పెడితే కార్తీకం దాటదంటోంది. ఇద్దరూ ఒక్క మొక్కకు నీళ్లు పోసినవాళ్లు కారు, గొంతులు మాత్రం పెద్దవి. మన వైపు నేలలో పెట్టి రెండు మూడు వానాకాలాలు దాటించినవాళ్లు చెప్పండి. వీడియోల్లో చెప్పేవి వద్దు, అన్నీ చూసేశాను.

కావలి ఇసుకనేల:
నేలలోనే పెట్టండి. నాది 2017 నుంచి నేలలోనే ఉంది, ఇప్పుడు నా ఛాతీ దాకా వచ్చింది. 2021 నవంబర్ వానలు చూసింది, 2023 డిసెంబర్లో మిచౌంగ్ తుఫానూ చూసింది. ఆకంతా రాల్చి మోడులా నిలబడింది, సంక్రాంతి దాటాక చిగురేసింది. ఎండాకాలం చెట్టు నిండా పూలే. కుండీలో ఆ లావు ఎప్పటికి వస్తుంది? రోహిణి కార్తెలో మేడమీద కుండీ మీద చెయ్యి పెట్టి చూడండి, లోపల వేళ్ల గతేంటో తెలుస్తుంది.

ఒంగోలు నల్లరేగడి:
అన్నా, మీది ఇసుక నేల కాబట్టి మీ మాట చెల్లుతుంది. మాది నల్లరేగడి. వాన పడితే చెప్పు దిగబడి ఊడి రాదు. నాలుగేళ్ల కిందట మీలాగే ఒకాయన ధైర్యం చెబితే రెండు మొక్కలు నేలలో పెట్టా. అక్టోబర్‌లో వాయుగుండం పట్టి వారం ముసురు. ఆకులు పసుపెక్కితే చలికి రాలుస్తోందిలే అనుకున్నా. పదోరోజు మొదలు మీద బొటనవేలు పెట్టి నొక్కితే మాగిన బొప్పాయిలోకి దిగినట్టు గోరుదాకా దిగింది. లోపల గోధుమరంగు నీళ్లు, పులిసిన వాసన. విచిత్రమేంటంటే ఆ రోజు కూడా కొమ్మ చివర రెండు పూలున్నాయి. పైన పూలు చూసి మురిసిపోతుంటే కింద మొక్క పోయింది. రెండోదాన్ని మాత్రం కుళ్లు తగలని తెల్లటి కండ కనిపించేదాకా కత్తితో కోసుకుంటూ పోయి, నీడలో పదిరోజులు ఆరబెట్టి, పొడి ఇసుకలో గుచ్చితే బతికింది. అయితే మొదట ఉన్న ఆ లావు మళ్లీ రాలేదు. కొమ్మ నాటితే మామూలుగా గింజ మొక్కకొచ్చే దుంప రాదు. అప్పట్నుంచి నాది కుండీనే, ఎవరేం చెప్పినా.

కావలి ఇసుకనేల:
అది మొక్క తప్పా, నేల తప్పా? రేగడిలో గుంట తీసి పెడితే గుంట కాస్తా గిన్నె అవుతుంది, చుట్టుపక్కల నీళ్లన్నీ అందులోకే. మిట్ట కట్టి పైన పెట్టాల్సింది.

ఒంగోలు నల్లరేగడి:
మిట్ట కట్టి పైన పెడితే ఇంక నేల ఏంటి, అది అడుగు లేని కుండీ. మీరే నా దారికి వస్తున్నారు.

పొదలకూరు నిమ్మతోట:
ఇద్దరూ కాసేపు ఆగండి. అమ్మా, మీ గేటు దగ్గర మట్టి ఏంటో ఎవరూ అడగలేదు. వేదాయపాళెంలో చాలా ఇళ్లకు మెరక తోలిస్తారు, పైన అరడుగు గ్రావెల్, కింద బంకమట్టి. అడుగు లోతు గుంట తీసి నిండా నీళ్లు పోయండి. అవి ఇంకాక మళ్లీ నింపి, ఈ రెండోసారి ఎంతసేపట్లో ఇంకుతాయో చూడండి. గంటా రెండు గంటల్లో ఇంకితే కావలాయన చెప్పినట్టు చేయొచ్చు. తెల్లారేదాకా నిలిస్తే మిట్ట లేకుండా పెట్టొద్దు.

మేం నిమ్మకు చేసే పనే ఇది. మొదలుకు నీళ్లు తగిలితే నిమ్మకు బంక కారే తెగులు వస్తుందని మొదలు చుట్టూ మట్టి ఎగదోసి, దానికి బయట ఇంకో పాదు చేసి అందులో నీళ్లు పెడతాం. అడీనియానికి ఇంకా గట్టిగా చేయాలి. అడుగున్నర ఎత్తు, మూడడుగుల వెడల్పు మిట్ట. సగం ముతక ఇసుక, మిగతా సగంలో ఎర్రమట్టి, ఇటుక ముక్కలు, కొంచెం మాగిన పశువుల ఎరువు. ఇసుకను పెన్నా నుంచి తెప్పించినా జల్లెడ పట్టి, పైన మిగిలిన ముతకదే వాడండి, కిందపడే సన్నది సిమెంటులా బిగుస్తుంది. మైపాడు సముద్రపు ఇసుక మాత్రం వద్దు, ఉప్పు. దుంప సగానికి పైగా బయటే ఉండాలి. మిట్ట గేటు వైపు వాలుగా ఉండాలి, గోడ వైపు కాదు. మేడ నీళ్లు దిగే గొట్టం అక్కడ పడుతుంటే ఇవన్నీ చేసినా దండగే.

హైదరాబాద్‌లో నెల్లూరోణ్ణి:
చలికాలం మొక్క నిద్రపోతుంది కదా? నవంబర్ నుంచి నీళ్లు ఆపేస్తే కుళ్లదు. నేను ఇక్కడ అదే చేస్తున్నా, ఏ టెన్షనూ లేదు.

పొదలకూరు నిమ్మతోట:
మీరు నీళ్లు ఆపుతారబ్బా, వానను ఎవరు ఆపుతారు? మీకు వానలు జూన్ నుంచి సెప్టెంబర్ దాకా, మొక్క మాంచి పెరుగుదల మీద ఉన్నప్పుడు పడి పోతాయి. నెల్లూరుకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబర్, డిసెంబర్ మధ్యలోనే. మొక్క నెమ్మదించి నీళ్లు తాగడం తగ్గించే రోజులు, మబ్బు పట్టి ఎండ లేని రోజులు, ఎడతెగని వాన, మూడూ ఒకేసారి. ఇక్కడ మొక్కను చంపేది చలి కాదు. జనవరి రాత్రి కూడా 20 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. కత్తిరింపు కూడా అంతే, వానల ముందు కొమ్మలు కోస్తే ఆ గాయంలోంచి కుళ్లు దిగుతుంది. శివరాత్రి దాటాక కోయండి. పూలు కొత్త కొమ్మల చివరే వస్తాయి కాబట్టి ఎండాకాలానికి సరిపోతుంది.

బడి పంతులమ్మ, కందుకూరు:
గేటు పక్కన అంటున్నారు, ఇంట్లో చిన్నపిల్లలున్నారా? ఇది గన్నేరు కుటుంబం. గిల్లితే వచ్చే పాలు విషం, గుండె మీద పనిచేస్తుంది. దీని సొంత ఊరు ఆఫ్రికా, అరేబియా. ఆఫ్రికాలో ఈ రసాన్ని బాణాలకు పూసి వేటాడేవాళ్లు. పెంచొద్దనడం లేదు, మా ఇంట్లోనూ ఉంది. కోసేటప్పుడు గ్లౌజు వేసుకోండి, ఆ చెయ్యి కంట్లో పెట్టుకోవద్దు. బడికి పోయే పిల్లలు గేటు పక్కన పువ్వు కనిపిస్తే తెంపకుండా పోరు, అది నా అనుభవం.

ఒంగోలు నల్లరేగడి:
చూశారా, ఇదింకోటి. కుండీ అయితే మేడమీదే ఉంటుంది. నడుము నొప్పికి చక్రాల స్టాండు కొనండి. నేలలో దించాక వానొస్తుంటే జరపలేరు.

కావలి ఇసుకనేల:
చక్రాల స్టాండుకు సిమెంటు కుండీనా! నాలుగు రోజుల్లో చక్రం వంకర పోతుంది. నా దగ్గర రెండున్నాయి, ఇప్పుడు వాటిమీద గ్యాస్ బండ పెట్టుకుంటున్నాం.

వేదాయపాళెం మేడతోట:
అందరికీ థాంక్స్. నిన్న సాయంత్రం గుంట తీసి రెండోసారి నీళ్లు నింపా. పొద్దున ఆరింటికి చూస్తే ఇంకా నాలుగు వేళ్ల నీళ్లున్నాయి, అందులో ఒక కప్ప కూడా. అడుగు లోతులో మైనంలా బంకమన్నే. మేడ గొట్టం నీళ్లు కూడా అటే వస్తున్నాయి, ఇన్నేళ్లలో నేనెప్పుడూ గమనించలేదు. గింజ మొక్క ఒక్కదాన్నే మిట్టమీద పెడదామనుకుంటున్నా. అంటు మొక్క పైనే ఉంటుంది, పోతే ఆ ముద్దపువ్వు మళ్లీ దొరకదు. ఈ నెలలోనే దించెయ్యనా?

పొదలకూరు నిమ్మతోట:
ఇప్పుడు వద్దమ్మా. కుండీలోంచి తీసేటప్పుడు వేళ్లు తెగుతాయి, తెగిన వేరు ఆరకముందే వానలు పట్టుకుంటాయి. మిట్ట ఇప్పుడే కట్టిపెట్టండి, ఈ వానలకు మట్టి దిగాల్సినంత దిగుతుంది. గొట్టం దారి మళ్లించండి. మొక్కను ఫిబ్రవరిలో తీసి, వేళ్లు నాలుగు రోజులు నీడన ఆరనిచ్చి నాటండి. నాటాక వారం దాకా చుక్క నీళ్లు వద్దు.

ఒంగోలు నల్లరేగడి:
పై ఏడాది కార్తీకం దాటాక ఇక్కడే ఫొటో పెట్టండక్కా. దుంప గట్టిగా ఉంటే నేనూ ఒకటి దించుతా. పూలు కాదు, బొటనవేలితో నొక్కి చూసి చెప్పండి.