ఆర్‌వీలో జయాన్, డెత్ వ్యాలీ, జాషువా ట్రీ: తొమ్మిది రోజుల ప్రయాణానికి సలహా కావాలి

ప్రశ్న: తెనాలి_డల్లాస్

అందరికీ నమస్కారం. మేము డల్లాస్ దగ్గర ఇర్వింగ్‌లో ఉంటున్నాం. తెనాలి నుంచి వచ్చిన మా అమ్మానాన్నలు డిసెంబరులో తిరుగు ప్రయాణం కడుతున్నారు. ఆ లోపల, నవంబరు చివర థాంక్స్‌గివింగ్ సెలవులను కలుపుకుని, తొమ్మిది రోజులపాటు పడమటి ఎడారుల్లోని జాతీయ పార్కులను వారికి చూపించాలని మా కోరిక. లాస్ వేగాస్ దాకా విమానంలో వెళ్ళి, అక్కడ 30 అడుగుల మోటార్ హోమ్ (ఆర్‌వీ, అంటే పడకలు, వంటగది, మరుగుదొడ్డి ఉన్న బండి) అద్దెకు తీసుకుని, ముందు జయాన్, తరువాత డెత్ వ్యాలీ, చివరకు జాషువా ట్రీ చూసుకుని మళ్ళీ వేగాస్ చేరాలని అనుకుంటున్నాం. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, అమ్మానాన్నలు, మొత్తం ఆరుగురం.

నాన్నగారు ఇన్సులిన్ వాడతారు. అమ్మకు బయటి తిండి పడదు, కనుక వంట బండిలోనే చేసుకోవాలి. ఆర్‌వీ నడపడం నాకు ఇదే మొదటిసారి. 30 అడుగుల బండి ఈ దారులకు సరిపోతుందా, జయాన్‌లో పెద్ద బండ్లకు ఇబ్బంది అని చెబుతున్న సొరంగం సంగతి ఏమిటి, కరెంటు, నీళ్ళ కనెక్షన్ లేని చోట రాత్రులు గడపగలమా అన్నవి నా సందేహాలు. అనుభవం ఉన్నవారు దయచేసి తెలియజేయగలరు.

సమాధానం 1: ఫీనిక్స్_బాటసారి

మీరు దారిని మైళ్ళలో లెక్క వేసినట్టున్నారు. ఆరుగురు మనుషులున్న ఆర్‌వీకి ముందు లెక్క వేయవలసినవి నీళ్ళు. ఈ తరగతి అద్దె బండ్లలో మంచినీళ్ళ ట్యాంకు సుమారు 40 గ్యాలన్లు, అంటే 150 లీటర్లు పడుతుంది. మన అలవాటు ప్రకారం మనిషికి ఒక్క బకెట్ స్నానం, 15 లీటర్లు అనుకున్నా ఆరుగురికి 90 లీటర్లు అక్కడే ఖర్చయిపోతాయి. ఆ తరువాత వంట, గిన్నెలు, తాగడానికి మిగిలేది ఎంతో మీరే చూడండి. తాగే నీళ్ళను ట్యాంకు లెక్కలో కలపకుండా విడిగా డబ్బాల్లో తీసుకువెళ్ళడం మంచిది.

అంతకంటే ముందు నిండేది మరుగుదొడ్డి ట్యాంకు. ఈ విషయం ఇంగ్లీషులో రాసే సలహాల్లో కనిపించదు, ఎందుకంటే అవి కాగితం వాడేవారి కోసం రాసినవి. మన ఇళ్ళలోలాగా చెంబుతో నీళ్ళు వాడితే, నాలుగు రోజులు వస్తుందని అద్దె సంస్థ చెప్పిన ట్యాంకు రెండు రోజులకే నిండుతుంది. మా అత్తమామలతో వెళ్ళినప్పుడు మాకు ఇదే జరిగింది. రెండో రోజు రాత్రి సూచిక ఎర్రగా వెలిగింది, దాన్ని ఖాళీ చేసే డంప్ స్టేషన్ దగ్గరలోనిదే 40 మైళ్ళ అవతల ఉంది. అప్పటి నుంచి మా నియమం ఒక్కటే: క్యాంప్‌గ్రౌండ్‌లో మరుగుదొడ్లు ఉన్న చోట పగలు వాటినే వాడడం, బండిలోనిది రాత్రిపూట పెద్దవారికి మాత్రమే వదలడం. ఖాళీ చేసేటప్పుడు ముందు మరుగుదొడ్డి ట్యాంకునూ, ఆ తరువాత సింకు, స్నానాల నీళ్ళ ట్యాంకునూ వదిలితే, ఆ నీళ్ళతో గొట్టం కొంత శుభ్రపడుతుంది.

ఇక మీరు ఎంచుకున్న పార్కుల సంగతి. జాషువా ట్రీ పార్కు లోపల ఏ క్యాంప్‌గ్రౌండ్‌లోనూ హుక్‌అప్‌లు, అంటే బండికి తగిలించుకునే కరెంటు, నీళ్ళ కనెక్షన్లు లేవు. కుళాయి, డంప్ స్టేషన్ రెండూ ఉన్నవి బ్లాక్ రాక్, కాటన్‌వుడ్ మాత్రమే. బండరాళ్ళ మధ్య అందంగా ఉంటుందని అందరూ ఎగబడే జంబో రాక్స్‌లో చుక్క నీరు దొరకదు. డెత్ వ్యాలీలోని ఫర్నేస్ క్రీక్‌లో పూర్తి హుక్‌అప్‌లున్న సైట్లు 18 ఉన్నాయి. చలికాలపు నెలలకు వాటిని ఆరు నెలల ముందు నుంచే రిజర్వు చేసుకోవచ్చు, సెలవుల వారానికైతే తెరిచిన రోజే అయిపోతాయి. అవి దొరకకపోతే స్టోవ్‌పైప్ వెల్స్‌లోని హుక్‌అప్ సైట్లకు ప్రయత్నించండి.

ఇన్సులిన్ గురించి ఒక మాట. ఆర్‌వీ ఫ్రిజ్ చాలావరకు ప్రొపేన్‌తోనూ కరెంటుతోనూ పనిచేస్తుంది, కానీ బండి వాలుగా నిలిపితే సరిగా చల్లబడదు. కనుక సైటులో చక్రాల కింద దిమ్మెలు పెట్టి బండిని సమంగా నిలపండి. వెనుక గోడకు ఆనించి పెడితే ఇన్సులిన్ గడ్డకట్టి పాడైపోతుంది, ముందు వైపు పెట్టి, చిన్న థర్మామీటరు ఒకటి పక్కనే ఉంచండి.

సమాధానం 2: హెండర్సన్_వాసి

నేను ఈ దారుల్లో తరచుగా తిరుగుతుంటాను. నా ఉద్దేశంలో 30 అడుగుల బండి వద్దు. డెత్ వ్యాలీలో ఆర్టిస్ట్స్ డ్రైవ్ మీద గానీ, డాంటేస్ వ్యూకు గానీ 25 అడుగులకు మించిన బండ్లను అనుమతించరు. సముద్రమట్టానికి 282 అడుగుల దిగువన ఉన్న బ్యాడ్‌వాటర్ ఉప్పునేలను 5,000 అడుగులకు పైగా ఎత్తు నుంచి ఒక్క చూపులో చూడగలిగేది డాంటేస్ వ్యూ నుంచే. అంత దూరం నుంచి వచ్చిన పెద్దవారికి, పెద్దగా నడవకుండానే దొరికే అంతటి దృశ్యాన్ని ఐదడుగుల అదనపు పొడవు కోసం వదులుకోవడం నాకు నచ్చదు. ‘25 అడుగుల తరగతి’ అని ప్రకటించిన బండ్లలో కొన్ని బంపర్లతో కలిపి ఆ కొలత దాటుతాయి, కనుక ఒప్పందంలో అసలు పొడవు ఎంత రాసి ఉందో చూసుకోండి.

జయాన్ సొరంగం గురించి మీరు భయపడనక్కరలేదు. 1930లో పూర్తయిన ఆ 1.1 మైళ్ళ సొరంగం పార్కు తూర్పు వైపు ఉంది. వేగాస్ నుంచి వచ్చేవారు స్ప్రింగ్‌డేల్ మీదుగా దక్షిణ ద్వారంలోకి వస్తారు, వాచ్‌మన్ క్యాంప్‌గ్రౌండ్ ఆ ద్వారం పక్కనే ఉంది. తూర్పున బ్రైస్ కాన్యన్ పార్కు వైపు పోయేవారికే సొరంగం అవసరం. 2026 జూన్ 7 నుంచి 11 అడుగుల 4 అంగుళాలకు మించి ఎత్తున్న బండ్లను అందులోకి రానివ్వడం లేదు. కప్పు మీద ఏసీ ఉన్న అద్దె ఆర్‌వీలు చాలావరకు ఆ ఎత్తుకు అటూఇటూగా ఉంటాయి కాబట్టి, అటువైపు వెళ్ళే ఆలోచన అసలు పెట్టుకోకండి.

జయాన్‌కు సంబంధించి మరొక ఖర్చు ఉంది. 2026 జనవరి నుంచి, అమెరికాలో నివసించని 16 ఏళ్ళు నిండిన సందర్శకుల దగ్గర 11 పార్కుల్లో మామూలు ప్రవేశ రుసుముకు తోడు తలకు 100 డాలర్లు తీసుకుంటున్నారు. జయాన్ ఆ జాబితాలో ఉంది. డెత్ వ్యాలీ, జాషువా ట్రీ లేవు. విజిటర్ వీసా మీద వచ్చిన మీ తల్లిదండ్రుల విషయం పార్కు వారిని ముందుగానే అడిగి, ఆ తరువాతే వార్షిక పాస్ కొనండి.

తొమ్మిది రోజుల్లో మూడు పార్కులు అంటే కాగితం మీద బాగుంటుంది గానీ, నవంబరు చివర డెత్ వ్యాలీలో సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గూకుతుంది. కొత్తగా నడిపేవారు చీకట్లో సైటులోకి బండిని వెనక్కి పెట్టవలసి రావడం కంటే కష్టం లేదు. నేనైతే జయాన్ వదిలేసి, వేగాస్ నుంచి పహ్రంప్ మీదుగా ఫర్నేస్ క్రీక్ చేరి, అక్కడ నాలుగు రాత్రులు ఉండేవాడిని. దూరం 120 మైళ్ళు మాత్రమే. డీజిల్, పెట్రోలు పార్కులో చాలా ఖరీదు కనుక పహ్రంప్‌లోనే ట్యాంకు నింపుకోండి. అక్కడి నుంచి జాషువా ట్రీకి షోషోన్, బేకర్, బార్‌స్టో మీదుగా వచ్చి, 247 రోడ్డులో యక్కా వ్యాలీ చేరితే బ్లాక్ రాక్ దగ్గరపడుతుంది. మొజావే సంరక్షిత ప్రాంతం మధ్యగా పోయే అడ్డదారి దగ్గరే అయినా గతుకులు ఎక్కువ, పెద్ద బండికి అనుకూలం కాదు.

బయలుదేరే ముందు రోజు పార్కు వెబ్‌సైట్‌లో రోడ్ల పరిస్థితి చూడండి. 2023 ఆగస్టులో హిలరీ తుఫాను వల్ల డెత్ వ్యాలీలో ఒక్క రోజులో 2.2 అంగుళాల వాన పడి, పార్కు దాదాపు రెండు నెలలు మూతపడింది. ఎడారిలో వరద ఏమిటని నవ్వుకునే వాళ్ళలో అప్పటిదాకా నేనూ ఒకడిని.

సమాధానం 3: కారు_చాలు

నా అభిప్రాయం పైవారికి భిన్నంగా ఉంది. పెద్ద వ్యాన్ అద్దెకు తీసుకుని, వంటగది ఉన్న గదుల్లో దిగితే పొడవు నిబంధనలు, ట్యాంకులు ఏవీ మీకు అడ్డురావు. ఆర్‌వీకి అద్దెతో పాటు మైలుకు ఇంత, జెనరేటరు గంటకు ఇంత అని వేరుగా వసూలు చేస్తారు, గ్యాలనుకు పది మైళ్ళు వస్తే గొప్ప. పైగా మంచం ఉంది కదా అని పెద్దవారు బండి కదులుతుండగా పడుకోకూడదు, బెల్టు పెట్టుకుని కూర్చోవలసిందే.

తెనాలి_డల్లాస్:

అందరికీ ధన్యవాదాలు. ‘కారు_చాలు’ గారి మాట నిజమే గానీ, డెత్ వ్యాలీలో వంటగది ఉన్న గది ఆ వారానికి మాకు దొరకలేదు, పిల్లలు కూడా ఆర్‌వీ అంటూ నెలరోజులుగా గంతులు వేస్తున్నారు. జయాన్ మానుకున్నాం. 25 అడుగుల లోపు బండి ఖాయం చేశాం, ఎవరో రద్దు చేసుకోవడంతో ఫర్నేస్ క్రీక్‌లో హుక్‌అప్ సైటు మూడు రాత్రులకు దొరికింది. ఒక్క సందేహం మిగిలింది. బ్లాక్ రాక్‌లో కరెంటు ఉండదు కదా, అమ్మ ఇడ్లీ పిండి రుబ్బుకోవడం, తిరగమోత పెట్టుకోవడం ఎలా?

ఫీనిక్స్_బాటసారి:

మిక్సీ జెనరేటరు మీదే తిరుగుతుంది. జాషువా ట్రీలో జెనరేటరుకు ఉదయం 7 నుంచి 9, మధ్యాహ్నం 12 నుంచి 2, సాయంత్రం 5 నుంచి 7 వరకే అనుమతి. పిండి ఫర్నేస్ క్రీక్‌లోనే రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే ఆ తొందర ఉండదు. కుక్కర్ ప్రొపేన్ పొయ్యి మీద బాగానే వస్తుంది. తిరగమోత మాత్రం లోపల పెట్టవద్దు. ఎండుమిరపకాయ వేగగానే పొగ అలారం మోగుతుంది, దాన్ని ఆపడానికి బ్యాటరీ తీసేయడం ప్రమాదకరం. బయట బల్ల మీద చిన్న క్యాంపు స్టవ్ పెట్టుకోండి, గాలికి అడ్డంగా ఒక రేకు కూడా ఉంచుకోండి. రాత్రి చలికి హీటరు వేస్తే దాని ఫ్యాన్ బండి బ్యాటరీని తినేస్తుంది కనుక, సాయంత్రం ఏడు లోపల జెనరేటరుతో బ్యాటరీ నింపుకుని, అమ్మానాన్నలకు మంచి రగ్గులు తీసుకువెళ్ళండి.