కాలిన అడవిలో మళ్లీ మొక్కలు నాటితే పిట్టలు తిరిగొస్తాయా?

పిట్టలపిచ్చి: ఈమధ్య కాలిఫోర్నియాలోని యోసెమిటీ వైపు వెళ్లాం. అక్కడ 2013లో వచ్చిన రిమ్ ఫైర్ అనే కార్చిచ్చులో రెండున్నర లక్షల ఎకరాలకు పైగా కాలింది కదా, కొన్నిచోట్ల మోడులు అలాగే ఉన్నాయి, కొన్నిచోట్ల కొట్టేసి పైన్ మొక్కలు నాటారు. పక్షులకు ఏది మంచిది?

కొండగాలి: ఏ పక్షికి అని అడగాలండీ. బ్లాక్‌బ్యాక్డ్ వడ్రంగిపిట్టకి కాలిన మోడే ఇల్లూ వంటిల్లూ. మంట ఆరగానే ఆ చెట్లలో గుడ్లు పెట్టే పెంకుపురుగుల పిల్లల్ని తవ్వుకు తింటుంది, అక్కడే తొర్ర చేసుకుంటుంది, అది వదిలేసిన తొర్రల్లోకి తర్వాత మౌంటెన్ బ్లూబర్డ్ లాంటివి చేరతాయి. కలప కోసం మోడులన్నీ కొట్టేస్తే ఇదంతా పోయినట్టే.

పిట్టలపిచ్చి: అయితే నాటకుండా వదిలేయాలా?

చింతతోపు: అలా కూడా కాదు. మంట మరీ తీవ్రంగా ఉన్నచోట విత్తనాలిచ్చే చెట్లు దగ్గర్లో మిగలవు, ఏళ్ల తరబడి పొదలే ఉంటాయి. ఫాక్స్ స్పారో అనే పిచ్చుకకి ఆ పొదలు పండగే, కానీ స్పాటెడ్ గుడ్లగూబకి గూటికి పెద్ద పాత చెట్లు కావాలి. నన్నడిగితే అలాంటి చోట్లే నాటాలి, అదీ వరసల్లో కాదు, గుంపులు గుంపులుగా, మధ్యలో పొదలూ మోడులూ ఉంచుతూ. రోడ్డు మీద పడేలా ఉన్న మోడులు కొట్టక తప్పదు, అది వేరే సంగతి.

కొండగాలి: ఒప్పుకుంటా. ఆ వడ్రంగిపిట్ట కూడా పదేళ్లు దాటితే అక్కడ పెద్దగా కనిపించదు, పురుగులు తగ్గిపోతాయి. చూడాలనుంటే ఈమధ్యే కాలిన చోట వెతకండి.