సమస్య: ఎనిమిది నిమిషముల నేలె రాణి

నిర్వాహకుడు: ఈసారి ఆటవెలది పద్యం, ఇచ్చింది నాలుగో పాదం; ముందు మూడు పాదాలు మీరు పూరించాలి. 'షేక్‌స్పియర్ ఇన్ లవ్' (1998)లో జూడి డెంచ్ మొదటి ఎలిజబెత్ రాణిగా కనిపించేది కాసేపే. 1999లో సహాయనటిగా ఆస్కర్ పుచ్చుకుంటూ, తెర మీద ఎనిమిది నిమిషాలకు ఈ బొమ్మలో చిన్న ముక్క చాలేమోనని ఆవిడే అంది. యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జోడీ): 'ఎ'కు 'నేలె'లోని 'ఏ'.

గోదారిగట్టు:
జూడి డెంచి వచ్చి చూపులు విసిరిన
వెండి తెరయె కొలువు వేదికయ్యె
ఆస్కరందె నంత నల్పపు నిడివికే
ఎనిమిది నిమిషముల నేలె రాణి

నిర్వాహకుడు: రెండో పాదం హాయిగా ఉంది. డెంచ్‌ను 'డెంచి' చేసినందుకు ఛందస్సు పేరు చెప్పి మన్నిద్దాం. కానీ 'చూపులు విసరడం' మన హీరోయిన్ల పని. ఆ రాణి చూపు విసరదు, నిలుపుతుంది. 'చూపు నిలిపినంత' అన్నా గణాలు (గురులఘువుల లెక్క) సరిపోతాయి.

గోదారిగట్టు: సవరించుకుంటానండీ. ఇంతకీ 'నిమిషముల నేలె' అంటే నిమిషాలనే పాలించిందని రాదా?

నిర్వాహకుడు: రావాలనే ఇచ్చాను!

యతిబాధితుడు:
బురద గుంట ముందు పురుషులెల్ల నిలువ
అడుగు వేసి సాగె నామె యందె
పట్టు గౌను తడిసినా పౌరుష మణగదు
ఎనిమిది నిమిషముల నేలె రాణి

నిర్వాహకుడు: భేష్! చివర్లో దర్బారు పెద్దలు పై వస్త్రాలు పరవాలా వద్దా అని తటపటాయిస్తుంటే, ఆలస్యమైందంటూ ఆవిడ బురదలోంచే నడిచిపోయే ఘట్టం పట్టారు. 'పురుషులెల్ల' నిలబడిపోతే 'పౌరుషం' ఆవిడకు దక్కడం మరీ బాగుంది. మూడో పాదంలో మాత్రం గణభంగం, అంటే గణాల లెక్క తప్పింది. 'తడిసినా' బదులు 'తడిసె' అనండి.

యతిబాధితుడు: పేరు సార్థకం చేసుకున్నాను, కాకపోతే ఈసారి గణం. ధన్యవాదాలు.

పాతసినిమా:
వేషమనగ నాడు విక్టోరియా రాణి
ఆస్కరివ్వ కుండి రంత జేసి
మరుసటేట చూడ మహిమయే మహిమరా
ఎనిమిది నిమిషముల నేలె రాణి

నిర్వాహకుడు: 'మిసెస్ బ్రౌన్' (1997)లో డెంచ్ విక్టోరియా వేషం వేసిన సంగతి! సినిమా అంతా మోసిన పాత్రకు నామినేషన్‌తో సరిపెట్టి, ఏడాది తిరక్కుండానే ఈ చిన్న పాత్రకు ఇచ్చారు. ఎత్తుగడ అన్నిటికంటే ఇదే నాకు నచ్చింది. అయితే 'చూడ', రెండో 'మహిమ' ఖాళీ నింపడానికే వచ్చాయి.

పాతసినిమా: నిజమే, అక్కడ దొరికిపోయాను. 2017లో 'విక్టోరియా అండ్ అబ్దుల్' సినిమాలో ఆవిడ మళ్లీ విక్టోరియాగా, రాణి కొలువులోని భారతీయుడు అబ్దుల్ కరీం దగ్గర ఉర్దూ దిద్దుకుంది కదా, దాని మీద ఇంకోటి రాస్తున్నాను. ఆ పేరు సూర్యగణాల్లో (మూడు మాత్రల చిన్న గణాలు) ఇమడటం లేదు.

యతిబాధితుడు: ఇంద్రగణంలో (నాలుగైదు మాత్రల పెద్ద గణం) పెట్టండి. 'అబ్దుల్క' తగణం, అదీ ఇంద్రగణమే!