మాడిఫై చేసిన 2021 కేఎక్స్250, ఎంతకి అమ్మొచ్చు?

సీమ_మట్టి:
అన్నలందరికీ నమస్తే. మాది అనంతపురం. నా కవాసాకి కేఎక్స్250 అమ్మేద్దామనుకుంటున్నా, మట్టి ట్రాకుల మీద రేసులకి తొక్కే మోటోక్రాస్ బండి. 2021 మోడల్, అంటే సెల్ఫ్ స్టార్ట్, హైడ్రాలిక్ క్లచ్ వచ్చిన మొదటి ఏడాది బండి. షోరూంలో కొత్తగా తీసుకున్నా, అప్పటి నుంచి నా చేతిలోనే ఉంది. అవర్ మీటర్‌లో (ఇంజన్ నడిచిన గంటలు చూపేది) 92 గంటలు.

చేయించినవి ఇవీ: బిగ్ బోర్ కిట్, అంటే సీసీ పెంచే పెద్ద సిలిండర్, పిస్టన్ (ఒరిజినల్ సిలిండర్ దాచిపెట్టా), హెడ్ పోర్టింగ్ (ఇంజన్ హెడ్‌లో గాలి దారుల్ని అరగదీసి మార్చడం), ప్రో సర్క్యూట్ ఫుల్ సిస్టం ఎగ్జాస్ట్, హిన్సన్ క్లచ్ బాస్కెట్, ఎక్సెల్ రిమ్ములు, వేరే హ్యాండిల్. సస్పెన్షన్ ముందూ వెనకా స్ప్రింగులు మార్పించి నా బరువుకి సెట్ చేయించా. నేను 62 కిలోలు. బండి దగ్గర దగ్గర ఎనిమిది లక్షలు, పైన పెట్టింది మూడు లక్షలు.

చెన్నైలో ఉద్యోగం వచ్చింది. అక్కడ బండి పెట్టుకునే చోటు లేదు, తొక్కే తీరికా ఉండదు. ఎనిమిది అడగొచ్చా? బెంగళూరు నుంచి ఒకాయన ఫోన్లోనే మూడున్నర అన్నాడు. ఎంత ప్రేమగా చూసుకున్న బండి అది, ఆ రేటుకి ఇవ్వడానికి మనసొప్పట్లేదు.

వైట్‌ఫీల్డ్_తెలుగోడు:
బ్రో, పోయినేడు సెకండ్ హ్యాండ్ మోటోక్రాస్ బండి కొన్నవాడిగా చెప్తున్నా. నేను చూసిన బళ్లలో అన్నిటికన్నా ముస్తాబైన బండిని వదిలేసి, ఏమీ చేయించని బండి తీసుకున్నా. ఎవరో వాళ్ల బరువుకీ, వాళ్ల తొక్కుడుకీ సెట్ చేసుకున్న బండిని నేను 84 కిలోలతో ఎక్కితే వెనక చక్రం దగ్గర కూలబడిపోయింది. స్ప్రింగులు, సర్వీసు కలిపి మళ్లీ నా జేబులోంచే పెట్టాలి. అమ్మేటాయన మాత్రం 'సస్పెన్షన్ పని చేయించిన బండి' అని రేటు పెంచి చెప్పాడు.

ఇంకోటి. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ లోపు బళ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. కొనేవాడు నువ్వు అప్పుడు కట్టిన ధరతో పోల్చడు, ఇవాళ్టి ధరతో పోలుస్తాడు. ఎనిమిది మర్చిపో.

బాలానగర్_షెడ్డు:
తమ్ముడూ, నాది హైదరాబాద్‌లో వర్క్‌షాపు. డర్ట్ బళ్ల పనే ఎక్కువ వస్తుంది. ఎనిమిది రాదు, నిజం. అలాగని మూడున్నరకి ఇచ్చెయ్యాల్సిన ఖర్మా లేదు. నువ్వు బండికీ, దానికి తగిలించిన సామానుకీ కలిపి ఒకే రేటు కడుతున్నావు. కొనేవాడు ఆ లెక్క కట్టడు, ఇంజన్‌కి రేటు కడతాడు. మిగతాదంతా అతని కంటికి బేరంలో ఊరికే వచ్చే సామానే.

ముందు ఆ బోర్ కిట్ సంగతి. 250 క్లాసులో ఫోర్ స్ట్రోక్ బండి 250 సీసీ దాటకూడదు. కంపెనీ ఇచ్చిన 78 మిల్లీమీటర్ల బోర్‌తో అది 249 సీసీ, కిట్ వేశాక గీత దాటేసింది. అసలు ఈ బళ్లు కొనేవాళ్లలో ఎక్కువమంది రేసులకి వెళ్లే కుర్రాళ్లు. ఆ కుర్రాడు దీంతో తన క్లాసులో దిగలేడు. పై క్లాసుకి పోతే అక్కడ 450 సీసీ బళ్లు ఉంటాయి. పోనీ సరదాకి తొక్కేవాడికి అమ్ముదామంటే, పెద్ద బోర్ అనగానే ఈ ఇంజన్‌ని ఎంత పిండేశారో అని భయపడతాడు. నువ్వు అంత డబ్బు పోసిన పనే నీ కస్టమర్లని రెండు వైపులా తగ్గించేసింది.

ఒరిజినల్ సిలిండర్ దాచావు కదా, చాలా మంచి పని చేశావు. కొత్త పిస్టన్, రింగులు, గాస్కెట్లు వేయించి దాన్నే ఎక్కించెయ్. బోర్ కిట్‌కి తగ్గట్టు ఫ్యూయల్ మ్యాప్ (ఇంజన్‌కి పెట్రోల్ ఎంత వెళ్లాలో చెప్పే సెట్టింగు) మార్పించి ఉంటే అదీ వెనక్కి తెప్పించు. బండితోపాటు మ్యాపులు మార్చే చిన్న కప్లర్లు (వైరింగ్‌లో గుచ్చే ప్లగ్గులు) మూడు వచ్చి ఉంటాయి, వెతుకు. చాలామంది పారేసుకుంటారు. మూడూ చేతిలో పెడితే బండిని జాగ్రత్తగా వాడావని కొనేవాడికి అక్కడే తెలిసిపోతుంది. హెడ్ పోర్టింగ్ వెనక్కి రాదు కాబట్టి అది ముందే చెప్పి అమ్ము. దాచితే హెడ్ విప్పిన రోజు తెలిసిపోతుంది.

నా దగ్గరికి ఇలాంటి బండి వస్తే ముందు ఎయిర్ ఫిల్టర్ ఊడదీసి, దాని వెనకాల ఇంజన్‌కి గాలి వెళ్లే రబ్బరు బూటులోకి చూపుడు వేలు పెట్టి చుట్టూ తిప్పుతా. వేలు శుభ్రంగా వచ్చిందా, సగం అనుమానం తీరినట్టే. సన్నగా జల్లించిన పిండిలాంటి ఎర్ర దుమ్ము అంటిందా, ఆ దుమ్ము వాల్వులూ పిస్టనూ దాకా వెళ్లిందన్నమాటే. పైన ఎంత మెరిసినా ఇక ఆ బండి గురించి మాట్లాడను. మీ వైపు మట్టి అసలే సన్నం, ఫిల్టర్ ఆయిల్ సరిగ్గా పట్టకపోతే దూరిపోతుంది.

తర్వాత ట్యాపెట్ గ్యాప్, అంటే వాల్వుకీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య సందు. ఎంత ఉందని అడగను, ఇప్పటివరకూ షిమ్ములు (ఆ సందు సరిచేసే చిన్న బిళ్లలు) ఎన్ని మార్చారు, ఏ సైజు నుంచి ఏ సైజుకి మార్చారని అడుగుతా. ఈ ఇంజన్లలో ఇంటేక్ వాల్వులు (గాలి లోపలికి వదిలేవి) టైటానియంవి. పైన ఉండే గట్టి పూత అరిగాక వాల్వు పైకి జరుగుతూ పోతుంది, గ్యాప్ మూసుకుంటూ వస్తుంది. ప్రతిసారీ ఇంకా పల్చటి షిమ్ము వేసుకుంటూ వచ్చారంటే వాల్వుల పని అయిపోవచ్చిందని. మొదటి షిమ్మే ఇంకా ఉంటే ఆ ఒక్క మాట నీ ఎక్సెల్ రిమ్ములకన్నా ఎక్కువ డబ్బు తెస్తుంది. రాసి పెట్టుకున్న పుస్తకం ఏదన్నా ఉంటే దాని ఫొటో పెట్టు. ఆయిల్ ఎప్పుడు మార్చావు, పిస్టన్ ఏ గంటకి మార్చావు, అవి కావాలి. నేనైతే నలభై, యాభై గంటల మధ్య పిస్టన్ మార్చెయ్యమంటా. 92 గంటలకి ఒక్కసారీ మార్చలేదంటే రేటు అక్కడే పడిపోతుంది.

స్టాండ్ ఎక్కించి వెనక చక్రం పట్టుకుని పైకీ కిందకీ ఊపి చూడు. టక్ టక్ అంటే లింకేజ్ బేరింగులు (వెనక సస్పెన్షన్ కీళ్లలోవి) పోయాయి. అవి వేయించి అమ్మడమే మేలు. చిన్న ఖర్చే, కానీ ఆ చప్పుడు విన్నవాడు పది వేల పనికి నలభై వేలు తగ్గించమంటాడు.

ఇక రేటు. స్టాక్‌కి, అంటే కంపెనీ ఇచ్చినట్టుకి తెచ్చి, ఇంజన్ బాగుండి, లెక్కలన్నీ చూపించగలిగితే నాలుగున్నర నుంచి ఐదు అడగొచ్చని నా అంచనా. ఎగ్జాస్ట్, బోర్ కిట్, హ్యాండిల్ విడిగా అమ్ము. ఇలా ఇంజన్ మీద బేరం ఆడిన డబ్బూ, పార్ట్స్ డబ్బూ కలిపితే ఆ ఫోన్ చేసినాయన రేటు కంటే చాలా పైన ఉంటావు. క్లచ్ బాస్కెట్ మాత్రం తియ్యకు, అది ఇంజన్‌కి మేలు చేసేదే, రేసు తొక్కేవాడు దాన్ని గుర్తుపడతాడు.

డల్లాస్_డర్ట్:
మా దగ్గర టెక్సస్‌లో మాడిఫికేషన్లకి పైసా ఎక్కువ ఇవ్వరు, ఎందుకంటే ఏ పార్టు ఆర్డరిచ్చినా మూడు నాలుగు రోజుల్లో గుమ్మంలో ఉంటుంది. మీ దగ్గర అలా కాదుగా? పిస్టన్ కోసం నెలల తరబడి బండి పక్కన పెట్టుకున్న స్నేహితులున్నారు నాకు ఇండియాలో. తమ్ముడి దగ్గర వాడని స్పేర్లు ఏమైనా ఉన్నాయా?

సీమ_మట్టి:
ఉన్నాయన్నా. పెట్టె నిండా ఉన్నాయి. సీల్ తియ్యని పిస్టన్ కిట్ ఒకటి, టాప్ ఎండ్ (ఇంజన్ పై భాగం) గాస్కెట్లు, క్లచ్ ప్లేట్లు రెండు సెట్లు, ఫోర్క్ సీల్స్, ముందు స్ప్రాకెట్లు, ఒరిజినల్ ఎగ్జాస్ట్, స్టాక్ సస్పెన్షన్ స్ప్రింగులు కూడా. అవి అమ్మకంలో లెక్కకొస్తాయని అనుకోలేదు. పిస్టన్ 45 గంటలప్పుడు ఒకసారి మార్పించా, బిల్లుంది. షిమ్ములు మొదటివే.

కాగితాల గురించి కూడా చెప్పండి, ఆర్సీ లేని బండి కదా. కొనేవాళ్లు తొక్కి చూస్తామంటే ఏం చెయ్యాలి?

బాలానగర్_షెడ్డు:
ఓరి నీ, ఇంత మంచి కబురు చివర్లో చెప్తావా! షిమ్ములు మొదటివే అయితే ఐదు గట్టిగా అడుగు. స్పేర్ల పెట్టె బండితోనే ఇవ్వు, విడగొట్టకు. ఆ డల్లాస్ అన్న చెప్పింది అక్షరాలా నిజం. ఇక్కడ సీల్డ్ పిస్టన్ కిట్, గాస్కెట్లు చేతిలో ఉన్న బండి అంటే వచ్చే సీజన్ దిగులు లేని బండి. పెట్టె మూత తీసి అన్నీ పరిచి, పార్ట్ నంబర్లు కనిపించేలా ఒక ఫొటో తియ్. ప్రకటనలో బండి ఫొటో తర్వాత అదే పెట్టు. ఇప్పుడు మొత్తం కలిపి ఐదున్నర చెప్పి, ఐదు పావు దగ్గర ఆగు. స్టాక్ స్ప్రింగులు కూడా ఇస్తానను, 84 కిలోలవాడికీ నీ సస్పెన్షన్ అడ్డం కాదు.

కాగితాలంటే షోరూం ఒరిజినల్ ఇన్వాయిసే నీ ఆస్తి. దాని మీద ఉన్న ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు బండి మీద ఉన్నవాటితో కలిసేలా చూపించు. స్టాంప్ పేపర్ మీద రెండు నంబర్లూ వేసి అమ్మకం రాసుకోండి. ఇద్దరి ఆధార్ కాపీలు, ఇద్దరు సాక్షుల సంతకాలు. డబ్బు బ్యాంకులోనే తీసుకో. దొంగ బళ్ల భయం ఉన్న మార్కెట్టిది, ఇన్వాయిస్ లేని బండికి ఎవరూ సగం కూడా ఇవ్వరు.

ట్రయల్ రోడ్డు మీద మాత్రం వద్దు. రిజిస్ట్రేషన్ లేదు, ఇన్సూరెన్స్ లేదు, లైట్లు లేవు. పెట్రోల్ బంకు దాకా తొక్కినా తప్పే, ఏదన్నా జరిగితే అంతా నీ మెడకే చుట్టుకుంటుంది. బొలేరో ట్రాలీలో ఎక్కించి ఊరి బయట చేనుకో, మీరు తొక్కే ట్రాక్‌కో తీసుకెళ్లు. హెల్మెట్, బూట్లు వేసుకున్నవాడికే ఇవ్వు, ముందు బండి పూర్తి డబ్బు డిపాజిట్‌గా తీసుకుని. అతను వచ్చేలోపు బండి స్టార్ట్ చేసి వేడి చెయ్యకు. చల్లటి ఇంజన్ మీద అతని చేత్తోనే సెల్ఫ్ కొట్టనివ్వు.

సిలిండర్ మార్పించేటప్పుడు హెడ్ ఎలాగూ విప్పుతారు కదా, వాల్వుల ఫొటోలు తీసి ఇక్కడ పెట్టు. పోర్టింగ్ ఎలా చేశారో చూసి చెప్తా.

సీమ_మట్టి:
సరే అన్నా, ఆదివారం విప్పిస్తున్నా. ఫొటోలు పెడతా.